రామ్‌గఢ్‌కి లోకల్ ట్రైన్

నాన్న బెంగళూరు వచ్చిన ప్రతిసారీ నేను ఒకటే తప్పు చేస్తాను. ఆయన్ని మాల్‌కి తీసుకెళ్తాను. ఎస్కలేటర్ ఎక్కి, ఏసీలో ఒక రౌండేసి, కాఫీ రేటు చూసి, "ఇంటికి పోదాం పా" అంటాడు. ఈసారి మాత్రం రైలు దిగీ దిగగానే ఆయనే ప్లాన్ చెప్పాడు.

"షోలే తీసిన కొండలు ఈడికి ఎంత దూరం రా?"

"రామనగరమా? యాభై కిలోమీటర్లుంటుంది. ఇప్పుడెందుకు నాన్నా?"

"చూడాల. యాభై ఏండ్ల బాకీ."

నాకు సిగ్గేసింది. ఈ ఊళ్లో ఉద్యోగం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. మైసూరు వెళ్తూ ఆ కొండల పక్క నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. బస్సు కిటికీలోంచి ఫోటో కూడా తీయలేదు. సినిమాల గురించి మాత్రం రోజూ మాట్లాడతాను. మాట్లాడటం ఏంటి, రాస్తాను కూడా. పెద్ద సినిమా రిలీజైతే పొద్దున్న షోకి వెళ్లి, ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ లైన్లో నిలబడే ఫస్టాఫ్ ఎలా ఉందో పోస్ట్ పెడతాను. సినిమా అయ్యాక పార్కింగ్‌లోంచి బండి తీసేలోపు రేటింగ్ వెళ్లిపోతుంది. మా ఆఫీసులో సగం మంది నా పోస్ట్ చూసే టికెట్ బుక్ చేస్తారు. ఆ విషయం చెప్పుకోవడం నాకిష్టం.

నాన్న బాకీ సంగతి చెప్పాలంటే ముందు గుంతకల్లు వెళ్లాలి.

మా తాత రైల్వేలో గార్డు. గుంతకల్లు జంక్షన్, రైల్వే కాలనీ క్వార్టర్స్. మద్రాసు వైపు నుంచి వచ్చే బండిలో ఇంగ్లీషు పేపరు వచ్చేది. తాత దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. ఇంట్లో ఏ విషయమైనా పేపర్లో ఉంటేనే నిజం. సినిమా కూడా అంతే. పేపర్లో బాగుందని రాస్తే ఇంటిల్లిపాదికీ టికెట్లు, బాగాలేదని రాస్తే ఎవరూ పోకూడదు.

షోలే 1975 ఆగస్టు 15న బొంబాయిలో రిలీజైంది. తిరిగి తిరిగి మా ఊరికి వచ్చేసరికి చాలా నెలలు పట్టిందట. నాన్నకి అప్పుడు పదేళ్లు. కాలనీ పిల్లలంతా చూసేశారు. తాత మాత్రం ఒకటే మాట: "అది కౌబాయ్ సినిమాకి కాపీ అంట. పేపర్లో ఏసినారు. దుడ్లు దండగ."

దాంతో మా నాన్న షోలే చూడకుండానే షోలే మొత్తం నేర్చుకున్నాడు. పక్క క్వార్టర్‌లో ఉండే అన్న ఒకడు నాలుగుసార్లు చూశాడట. వాడు గబ్బర్, నాన్న సాంబా. క్వార్టర్స్ వెనక నీళ్ల ట్యాంకు ఎక్కి కూర్చోవడమే నాన్న పాత్ర. ఆ రోజుల్లో పాటలకే కాదు, షోలే డైలాగులకి కూడా పాలిడోర్ కంపెనీ రికార్డు వేసింది. పెళ్లిళ్లలో, హోటళ్లలో అదే మోగేదట. రైల్వే ఊరు కాబట్టి హిందీ ఎలాగూ చెవిన పడుతూ ఉండేది, మిగతా హిందీ గబ్బర్ నేర్పాడు అంటాడు నాన్న. తర్వాత ఎప్పుడో సెకండ్ రన్‌లో ఆదోనిలో వాళ్ల మామ చూపిస్తే, హాల్లో అందరికంటే ముందు డైలాగ్ ఈయన చెప్పేవాడట. వెనక సీటాయన తల మీద ఒక్కటిచ్చాడట.

సరే, ఆదివారం పొద్దున్నే మెజెస్టిక్‌లో రైలెక్కాం. మైసూరు రోడ్డు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక కారులో గంటలో వెళ్లిపోవచ్చు, కానీ గార్డు కొడుకుతో రైలు వద్దని ఎలా అంటాం? కెంగేరి దాటాక ఊరు పలచబడింది. బిడదిలో దిగి తట్టె ఇడ్లీ తిందామని నా ఐడియా. ప్లేటంత వెడల్పుంటుంది ఒక్కోటి, పైన వెన్న. నాన్న ఒప్పుకోలేదు. బండి దిగితే మళ్లీ బండి ఎప్పుడొస్తుందో ఆయనకి బాగా తెలుసు.

రైల్లో కూర్చుని ఫోన్ తీశాను. తాత చదివిన పేపరు ఏదో నాన్నకి గుర్తులేదు. కానీ ఆ సమయంలో షోలే గురించి ఎవరేం రాశారో కొంత దొరుకుతుంది. నాన్నకి తెలుగులో చెప్తూ పోయాను.

షోలే అంటే నిప్పుకణికలు. ఇండియా టుడే విమర్శకుడు ఆ పేరు మీదే దెబ్బ కొట్టాడు. ఇది మండే నిప్పు కాదు, చల్లారిన బొగ్గు అన్న అర్థంలో రాశాడు. కథాపరంగా చాలా లోపాలున్న ప్రయత్నం అని తేల్చాడు. ఫిల్మ్‌ఫేర్ సమీక్ష ఇంకో వైపు నుంచి వచ్చింది. హాలీవుడ్ వెస్టర్న్ శైలిని తెచ్చి భారతీయ వాతావరణంలో కలపబోయారు, కలవలేదు, అది వెస్టర్నూ కాలేదు, మన సినిమా కూడా కాలేదు అన్నది దాని సారాంశం. వ్యాపార పత్రికలైతే మొదటి రోజుల్లోనే ఫ్లాప్ ముద్ర వేసేశాయి.

"అయితే మీ తాత అబద్ధం చెప్పలేదు," అన్నాడు నాన్న. కొంచెం నిరాశగానే అన్నాడు. యాభై ఏళ్లుగా తండ్రి మీద పెట్టుకున్న ఒక చిన్న కేసు కొట్టేసినట్టయింది పాపం.

రామనగరం స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఊరు పట్టుగూళ్ల మార్కెట్‌కి పేరు. బ్రిటిష్ వాళ్ల కాలంలో క్లోజ్‌పేట అనేవాళ్లు, బారీ క్లోజ్ అనే అధికారి పేరు మీద. ఆ పేరు ఊరికి పోయింది గానీ రాళ్లకి మిగిలింది. ఇక్కడి గ్రానైట్‌ని భూగర్భ శాస్త్రంలో ఇప్పటికీ క్లోజ్‌పేట గ్రానైట్ అనే అంటారు. వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. 2025లో జిల్లా పేరు కూడా బెంగళూరు దక్షిణ అని మార్చారు. పేర్లు మారడం ఈ ఊరికి అలవాటే. షూటింగ్ జరిగాక ఇక్కడ ఒక పేటకి డైరెక్టర్ రమేశ్ సిప్పీ పేరు మీద సిప్పీనగర్ అని కూడా పేరొచ్చింది.

ఆటో అతనికి తెలుగు వచ్చు. మేం నోరు తెరవకముందే, "షోలే స్పాటా సార్?" అన్నాడు. రోజుకి ఎంతమందిని చూస్తాడో!

రామదేవర బెట్ట దగ్గర అటవీ శాఖ గేటు. టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాలి. ఎందుకంటే ఇది రాబందుల అభయారణ్యం. 2012లో ప్రకటించారు, దేశంలో రాబందుల కోసం పెట్టిన మొదటి అభయారణ్యం ఇదే. పశువులకి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా రాబందుల్లోకి వెళ్లి వాటిని దాదాపు తుడిచిపెట్టేసింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. ఈ రాతి అంచుల మీద ఇంకా కొన్ని గూళ్లు మిగిలాయి.

నేను బోర్డు చదివి ఇదంతా చెబుతుంటే నాన్న సీరియస్‌గా విని, "మీవాళ్లే కదరా," అన్నాడు.

"ఎవరు?"

"అదే, రేటింగులిచ్చేటోళ్లు."

మెట్లు ఎక్కడం మొదలుపెట్టాం. మెట్లు బండ పక్కనుంచి మలుపులు తిరుగుతూ పోతాయి. నాన్న మోకాలు పట్టుకుని ఎక్కుతున్నాడు. నేను నీళ్ల బాటిల్, ఆయన చెప్పులు, ఆయన తువ్వాలు మోస్తున్నా. మధ్యలో ఒక చోట ఆగాం. ఎదురుగా నిలువునా లేచిన బండలు. కింద పచ్చగా తుప్పలు. దూరంగా హైవే మీద లారీలు చీమల్లా.

ఇక్కడ రామ్‌గఢ్ లేదు. ఉన్నట్టు ఆనవాలు కూడా లేదు. ఠాకూర్ ఇల్లు, నీళ్ల ట్యాంకు, గుడి, మసీదు, ఊరంతా ఆర్ట్ డైరెక్టర్ రామ్ యెడేకర్ వేసిన సెట్టు. దాని కోసం హైవే నుంచి లోపలికి రోడ్డు కూడా వేశారు. 1973 అక్టోబర్లో షూటింగ్ మొదలైంది. జయా బచ్చన్ సాయంత్రం వరండాలో ఒక్కో దీపం వెలిగిస్తూ పోతుంది గుర్తుందా, అమితాబ్ కింద కూర్చుని మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటాడు? ఆ చిన్న చిన్న సీన్లకి 20 రోజులు పట్టింది. పొద్దుగూకే వేళ వెలుతురు రోజూ కొన్ని నిమిషాలే ఉంటుంది. కెమెరామన్ ద్వారకా దివేచా ఆ నిమిషాల కోసం కాచుకునేవాడు. ఇలాంటివి పోగై బడ్జెట్ దాదాపు మూడు కోట్లకి చేరింది. 1975లో మూడు కోట్లు!

ఆ రోజుల్లో రాసిన సమీక్షకుల్ని తలుచుకుని నవ్వడం ఇప్పుడు చాలా ఈజీ. బొంబాయి మినర్వా థియేటర్లో సినిమా ఐదేళ్లకు పైగా ఆడింది. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్ అవార్డుల్లో షోలేకి దక్కింది ఒక్కటే, ఎం.ఎస్. షిండేకి ఎడిటింగ్ అవార్డు. ఉత్తమ చిత్రం 'దీవార్'కి వెళ్లింది. అది కూడా సలీం-జావేద్ రాసిందే కాబట్టి వాళ్లకి పెద్ద బాధ ఉండి ఉండదు. అదే ఫిల్మ్‌ఫేర్ 2005లో యాభై ఏళ్లలో ఉత్తమ చిత్రం అని షోలేని పిలిచి అవార్డు ఇచ్చింది. అంతకుముందు 2002లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పోల్‌లో టాప్ టెన్ భారతీయ సినిమాల్లో మొదటి స్థానం. మన దగ్గర పవన్ కల్యాణ్ సినిమాకి 'గబ్బర్ సింగ్' అని పేరు పెడితే ఆ పేరెక్కడిదో ఎవరికీ వివరం చెప్పాల్సిన పని పడలేదు.

కానీ మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తే, వాళ్లు రాసిన దాంట్లో తప్పేముంది అనిపించింది. ఊరిని కాపాడటానికి డబ్బిచ్చి మనుషుల్ని తెచ్చుకోవడం కురోసావా 'సెవెన్ సమురాయ్'లో 1954లోనే ఉంది. ఠాకూర్ కుటుంబాన్ని కాల్చి చంపే సీను చూస్తే సెర్గియో లియోనీ తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్' గుర్తురాక మానదు. గబ్బర్ అనే పేరు గ్వాలియర్ వైపు నిజంగా తిరిగిన ఒక బందిపోటుది. చంబల్ అంటే మట్టి లోయలు, ఇవేమో దక్షిణాది గ్రానైట్ కొండలు. హీరోలేమో జీన్స్ వేసుకుని తిరుగుతారు. ఇవన్నీ తెలిసినవాడు హాల్లో కూర్చుంటే, ఈ ఊరు ఎక్కడిదిరా బాబూ అని అడగడా? నేనైతే అడిగేవాణ్ని. ఇంటర్వెల్‌లోనే అడిగేవాణ్ని.

ఇంకో సంగతి. విమర్శకులు చూసింది అసలు తీసిన సినిమా కూడా కాదు. మొదట తీసిన క్లైమాక్స్‌లో ఠాకూర్ గబ్బర్‌ని చంపేస్తాడు. అప్పుడు ఎమర్జెన్సీ. మాజీ పోలీసు అధికారి చట్టాన్ని చేతిలోకి (ఠాకూర్ విషయంలో కాళ్లలోకి అనాలేమో) తీసుకుంటే ఎలా అని సెన్సార్ ఒప్పుకోలేదు. సంజీవ్ కుమార్ సోవియట్ యూనియన్లో ఉంటే పిలిపించి, పోలీసులు వచ్చి ఆపినట్టు మళ్లీ తీశారు. పాత ముగింపుతో బాగుచేసిన ప్రింటు 2025లో ఇటలీలోని బొలోన్యా ఉత్సవంలో వేశారు.

నాన్నకి ఇది చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "పోలీసోళ్లు ఆఖర్న వచ్చేది ఎప్పుడూ ఉండేదే కదా," అన్నాడు.

తర్వాత ఆయన లేచి నిలబడి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎదురు బండ వైపు చాలాసేపు చూశాడు. నేను ఏదో డైలాగ్ కొడతాడనుకుని ఫోన్ కెమెరా ఆన్ చేశాను. ఆయన అన్నది వేరే.

"మన గుత్తి కొండల మాదిరే ఉండాయి కదరా."

నిజమే. గుంతకల్లు నుంచి గుత్తి ఎంతో దూరం లేదు. కోట ఉన్న ఆ కొండలు, పెనుకొండ వైపు బండలు, అనంతపురం రోడ్డులో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, అన్నీ ఇలాగే ఉంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే కాబట్టి నేను పోల్చుకోలేదు.

"సినిమా చూసినప్పుడు నాకు ఏం అనిపించిందో తెల్సా? గబ్బర్ మా ఊరి ఎనకాలే ఉన్నాడు అనుకుంటి. గుత్తి కొండల్లో. రాత్రి బండి కూత వినపడితే గుర్రాలు వస్తాండాయేమో అని దుప్పటి కప్పుకుంటాంటి. కౌబాయ్ గీబాయ్ నాకేం తెల్సు?"

నేను కెమెరా ఆపేశాను.

బొంబాయిలో కూర్చుని రాసినాయనకి ఈ రాళ్లలో అమెరికా కనపడింది. ఎందుకంటే ఆయన అమెరికా సినిమాలు చూశాడు. గుత్తి చూడలేదు. నాన్న గుత్తి చూశాడు, లియోనీని చూడలేదు. ఇద్దరూ కళ్లతో చూసిందే చెప్పారు. తాత మాత్రం ఆ గుత్తి కొండల పక్కనే బతుకుతూ, రోజూ వాటి పక్క నుంచే గూడ్సు బండిలో వెనక డబ్బాలో కూర్చుని పోతూ, బొంబాయి ఆయన కళ్లతో చూసి తీర్పు చెప్పాడు. నాకు కోపం వచ్చిందల్లా ఆ ఒక్క విషయం మీదే. ఆ కోపం ఎటు తిరిగి ఎటొస్తుందో అప్పుడే అర్థమైంది కూడా.

పోయినేడాది ఒక చిన్న సినిమా వచ్చింది. పేరు చెప్పను. మా సీమలోనే ఒక ఊళ్లో కథ. స్టార్లు లేరు, ఫైట్లు లేవు. నేను బెంగళూరు మల్టీప్లెక్స్‌లో, వారమంతా రిలీజ్ పనితో నిద్రలేక, రాత్రి పదింటి షోకి వెళ్లాను. అరగంట చూసి పోస్ట్ పెట్టాను. ఒక జోకు. ఈ సినిమాలో అన్నిటికంటే వేగంగా కదిలేది సీలింగ్ ఫ్యానే అని. యాస ఓవర్‌గా ఉందని కూడా రాశాను. మా ఇంట్లో మాట్లాడే యాస అది! నేను బెంగళూరు వచ్చాక ఆఫీసులో మెల్లగా వదిలేసిన యాస. జోకు బాగా తిరిగింది. ఎవరెవరో స్క్రీన్‌షాట్లు పంపుకున్నారు. శనివారానికి ఆ సినిమాకి షోలు తగ్గించారు. నా పోస్ట్ వల్లే అని చెప్పను, అంత సీన్ నాకు లేదు. కానీ అందులో నా చెయ్యి కూడా ఒకటుంది.

నాలుగు నెలల తర్వాత ఓటీటీలో వచ్చినప్పుడు జ్వరంతో మంచం మీదుండి మొత్తం చూశాను. బాగుంది. గొప్ప సినిమా కాదు, బాగుంది. రెండోసారి కూడా చూశాను. పోస్ట్ మాత్రం తీసేయలేదు. దానికి లైకులు చాలా వచ్చాయి మరి.

ఇదంతా మెట్ల మీద కూర్చుని నాన్నకి చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలీదు. ఆయన విని, "అరగంట చూస్తివా?" అని మాత్రం అడిగాడు.

"ఇంకొంచెం ఎక్కువే."

"మీ తాత అసలు చూడనే లేదు. నువ్వే నయం."

ఈ మాటలో మెచ్చుకోలు ఎంతో, చురక ఎంతో ఇప్పటికీ తేలలేదు.

నా ఫ్రెండ్స్‌లో ఒక బ్యాచ్ ఉంది. ఏ సినిమాకి రివ్యూలు బాగా రాకపోయినా, "షోలేని కూడా తిట్టారు" అంటారు. వాళ్లతో నేను ఒప్పుకోను. విమర్శకులు తిట్టిన సినిమాల్లో షోలేలు ఎన్ని? తిట్టాక నిజంగానే మట్టిలో కలిసిపోయినవి వందల్లో ఉంటాయి, వాటి గురించి ఎవరూ గుర్తుచేయరు కాబట్టి విమర్శకులకి ఆ మార్కులు పడవు. పైగా మంచి సమీక్ష రాయడం కూడా ఒక విద్య. ముళ్లపూడి వెంకటరమణ ఆంధ్ర పత్రికలో సినిమా సమీక్షలు రాసి పేరు తెచ్చుకుని, తర్వాత బాపుతో కలిసి ఆయనే సినిమాలు రాశాడు. బోనులో ఇటు నిలబడ్డవాడే అటు కూడా నిలబడ్డాడు. పార్కింగ్‌లో బండి తీస్తూ రేటింగ్ ఇచ్చే నాలాంటివాడు ఆయన పేరెత్తడమే ఎక్కువ.

షోలే మొదటి వారం గురించి చెప్పుకునే కథ ఒకటి నాకు బాగా నచ్చుతుంది. హాల్లో చప్పట్లు లేవు, ఈలలు లేవు. నిర్మాత వర్గం భయపడిపోయింది. అమితాబ్ పాత్ర చనిపోకుండా క్లైమాక్స్ మార్చేద్దామా అన్నంత దాకా వెళ్లారు. అంజద్ ఖాన్ గొంతు విలన్‌కి సరిపోలేదని, వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పిద్దామని అంతకుముందే ఒక మాట నడిచింది. ఆ గొంతు మార్చి ఉంటే! అప్పుడు ఒక థియేటర్ యజమాని, భయపడకండి, మా హాల్లో కూల్‌డ్రింకుల అమ్మకం పడిపోయింది అన్నాడట. జనం కదలకుండా కూర్చుంటున్నారు, బయటికి రావడం లేదు, అది చాలు అని. సలీం-జావేద్ అయితే ప్రతి ఏరియాలో కోటి రూపాయలు వస్తుందని వ్యాపార పత్రికలో ప్రకటన ఇచ్చారు.

నేను పనిచేసేది ఒక యాప్ కంపెనీలో. కొత్త ఫీచర్ వదిలిన మొదటి రోజు గ్రాఫ్ చూసి, పైకి పోతే పార్టీ, కిందకి పోతే తీసేయడం మా పని. కూల్‌డ్రింకులు అమ్ముడుపోవడం లేదనే లెక్కని మా మీటింగ్‌లో పెడితే అందరూ ఎర్ర రంగు వేసి, సమస్య అని రాసుకుంటారు. ఆ యజమాని మాత్రం హాలు తలుపు దగ్గర నిలబడి మనుషుల్ని చూశాడు.

పైన రాముడి గుడి దాకా వెళ్లాం. రాబందుల కోసం చూశాం. చాలా ఎత్తులో ఒకటి రెక్కలు కదపకుండా గుండ్రంగా తిరిగింది. రాబందో గద్దో నాకు తెలీలేదు. నాన్న రాబందే అన్నాడు. డబ్బులిచ్చి టికెట్ కొన్నాక రాబందే అవ్వాలి.

దిగేటప్పుడు నాన్న తాత గురించి ఇంకో ముక్క చెప్పాడు. ఇది నేను ఎప్పుడూ వినలేదు. రిటైరయ్యాక, టీవీలో ఎప్పుడో షోలే వేశారట. తాత అప్పటికి ఇరవై ఏళ్ల నుంచి ఆ సినిమా చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని మొత్తం చూశాడట. మధ్యలో కరెంటు పోతే లాంతరు పెట్టుకుని అక్కడే కూర్చున్నాడట, వస్తుందేమో అని. నాన్న పక్కనే కూర్చుని, సినిమా వదిలి తండ్రి మొహమే చూశాడట. అయిపోయాక నెమ్మదిగా అడిగాడట, ఎట్లుంది నాయనా అని.

"ఏమన్నాడు?"

"పేపరోడు రాసింది నిజమే రా, కాపీనే, అన్నాడు. పొయ్యి పండుకున్నాడు. పొద్దున కాఫీ తాగతా, మల్లా ఎప్పుడేస్తారంట? అనె."

స్టేషన్లో బండి నలభై నిమిషాలు లేటు. బెంచీ మీద కూర్చుని శనగలు తిన్నాం. నేను ఫోన్ తీసి ఆ పాత పోస్ట్ వెతికాను. దొరికింది. డిలీట్ చేద్దామంటే అది కూడా తప్పించుకోవడమే అనిపించింది. జోకు అలాగే ఉంచి, కింద రాశాను: అరగంటే చూసి రాశాను, తర్వాత రెండుసార్లు పూర్తిగా చూశాను, నాకు నచ్చింది, యాస కూడా కరెక్టే, మా ఇంట్లో అలాగే మాట్లాడతాం. బెంగళూరు చేరేలోపు పదకొండు లైకులు వచ్చాయి. జోకుకి వచ్చిన వాటితో పోలిస్తే నవ్వొస్తుంది. ఒకడు "డబ్బులిచ్చారా బ్రో" అని కామెంట్ పెట్టాడు.

రాత్రి అన్నం తిన్నాక నాన్న అడిగాడు. "ఆ సినిమా పెట్టు. చూస్తా."

పెట్టాను. ఆయన దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను సినిమా చూడలేదు, పక్కనుంచి ఆయన్నే చూస్తూ కూర్చున్నా. పది నిమిషాలకి ఒకసారి నవ్వాడు. ఇరవై నిమిషాలకి, "ఈ పాప మాట్లాడేది మన పక్కింటోళ్ల మాదిరే ఉంది," అన్నాడు. ముప్పావు గంట దాటాక తల కొంచెం వాలింది. మెట్లెక్కిన అలసట. సౌండ్ తగ్గించబోయాను.

"తగ్గించొద్దు. చూస్తాండా," అన్నాడు కళ్లు మూసుకునే.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుంది. స్టార్టింగే కొంచెం స్లో."